ఫ్రాంచైజీ అగ్రిమెంట్ రెన్యువల్: "మిగతాదంతా యథాతథం" అని రాసి పంపిన డ్రాఫ్టులో ఏం వెతకాలి?

వశిష్ఠ

భీమవరంలో టిఫిన్–కాఫీ ఔట్‌లెట్, అయిదేళ్ల ఫ్రాంచైజీ. 2021లో రాసుకున్న అగ్రిమెంట్‌కి ఇంకో ఏడు నెలల గడువుంది. కంపెనీ రెన్యువల్ డ్రాఫ్ట్ పంపింది. దానితో వచ్చిన లెటర్లో మూడే మార్పులు చూపించారు: రాయల్టీ (బ్రాండు పేరు వాడుకున్నందుకు అమ్మకాల మీద కంపెనీకి కట్టేది) 5 నుంచి 6 శాతం, షాపు కొత్త డిజైన్‌లోకి మార్చాలి, తగాదాలు వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) ముంబైలో. "మిగతాదంతా యథాతథం" అన్నారు. పాతది 23 పేజీలు, కొత్తది 41. ఆ 18 పేజీల్లో ఏం వెతకాలో, వేటికి పట్టుబట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దు పుస్తకం

ముందు రాయల్టీ చూడండి. శాతం కన్నా అది దేని మీద లెక్కకడతారన్నది ముఖ్యం. రెండు అగ్రిమెంట్లలోనూ నిర్వచనాల పేజీ తీసి "నెట్ సేల్స్" అన్న మాటకి ఏం అర్థం రాశారో పక్కపక్కన పెట్టి చదవండి. పాతదాంట్లో సాధారణంగా బిల్లులోంచి జీఎస్టీ, డిస్కౌంటు, డెలివరీ యాప్ కమిషన్ తీసేయగా మిగిలినదాని మీద ఉంటుంది. కొత్త డ్రాఫ్టుల్లో "గ్రాస్ సేల్స్" అని మార్చి, మెనూ ధర మీదే లెక్కిస్తారు.

నెలకి మెనూ ధర ప్రకారం 12,00,000 అమ్మకం అనుకుందాం. అందులో డిస్కౌంట్లు 80,000, యాప్ కమిషన్ 70,000.

పాత లెక్క: 10,50,000 మీద 5 శాతం అంటే 52,500. దాని మీద జీఎస్టీ 18 శాతం 9,450. మొత్తం 61,950.

కొత్త లెక్క: 12,00,000 మీద 6 శాతం అంటే 72,000. జీఎస్టీ 12,960. మొత్తం 84,960.

తేడా నెలకి 23,010. అయిదేళ్లకి 13,80,600. లెటర్లో "1 శాతం" అని కనపడుతున్నది నిజానికి 37 శాతం పెరుగుదల అండి.

జీఎస్టీ ఎందుకు కలిపానంటారా? రెస్టారెంటుకి 5 శాతం పన్ను, ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. వేరే వ్యాపారమైతే రాయల్టీ మీద కట్టిన 18 శాతం వెనక్కి తీసుకుంటారు. మనకది ఖర్చే. అందుకని కంపెనీ వాళ్లతో మాట్లాడేటప్పుడు "ఆరు శాతం" అనుకోకండి, 7.08 అనుకోండి. "టెక్నాలజీ ఫీజు", "బ్రాండ్ ఫండ్" పేరుతో ఇంకో 2 శాతం ఉందేమో కూడా చూడండి. 12 లక్షల మీద అది జీఎస్టీతో 28,320.

ఇంకొకటి. "రాయల్టీ ఎలాంటి మినహాయింపులూ లేకుండా పూర్తిగా చెల్లించాలి" అన్న వాక్యం కనపడితే ఆగండి. మనం 10 శాతం టీడీఎస్ (వాళ్ల ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునే మొత్తం) కోసి కట్టాల్సిన సందర్భంలో ఆ కోత భారం కూడా మన మీదికే వస్తుంది. 72,000 వాళ్ల చేతికి అందాలంటే మీ ఖర్చు 80,000 అవుతుంది. "చట్ట ప్రకారం కోయాల్సిన టీడీఎస్ పోను" అని అయిదు మాటలు చేర్పించండి, చాలు.

పంటు రేవు

2021 అగ్రిమెంట్ అన్నారు కాబట్టి టెరిటరీ క్లాజు, అంటే ఏ ప్రాంతం మీదన్నది చెప్పే ముక్క, ఎలా రాశారో చెప్పండి. జిల్లా పేరు ఉందా?

వశిష్ఠ

ఉందండి. పాతదాంట్లో "పశ్చిమ గోదావరి జిల్లాలో కొత్త ఔట్‌లెట్ ఇచ్చే ముందు మొదటి అవకాశం వీరికే". కొత్త డ్రాఫ్టులోనూ అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం.

పంటు రేవు

అక్షరం మారలేదు, ఊళ్లు మారాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మీ వాక్యం సగానికి సగం కుదించుకుపోయింది. 2021లో పశ్చిమ గోదావరి అంటే ఏలూరు, జంగారెడ్డిగూడెం, కొవ్వూరు, నిడదవోలు అన్నీ అందులోవే. ఇప్పుడు ఏలూరు వేరే జిల్లా. కొవ్వూరు, నిడదవోలు రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరిలోకి వెళ్లిపోయాయి. పాత అగ్రిమెంట్ నడుస్తున్నంతకాలం "రాసుకున్న రోజున ఉన్న జిల్లా" అని వాదించుకోవచ్చు. రెన్యువల్ మీద కొత్త తేదీ వేసి సంతకం పెట్టిన క్షణం నుంచి ఆ వాదన బలహీనపడుతుంది. ఆ రోజున ఉన్న జిల్లా భీమవరం కేంద్రంగా ఉన్న చిన్న జిల్లానే కదా.

జిల్లా పేరు తీసేయించి పిన్‌కోడ్ల జాబితా షెడ్యూలుగా పెట్టించండి. భీమవరం 534201, 534202, పాలకొల్లు 534260, నరసాపురం 534275, తణుకు 534211, తాడేపల్లిగూడెం 534101, నిడదవోలు 534301, కొవ్వూరు 534350. జిల్లా మారినా కొవ్వూరు పిన్‌కోడ్ మారలేదు. డెలివరీ యాప్‌లూ పిన్‌కోడ్‌తోనే నడుస్తాయి కాబట్టి అతిక్రమిస్తే చూపించడం తేలిక. పక్కన మండలాల పేర్లు కూడా రాస్తే ఇంకా గట్టిది.

కిలోమీటర్ల లెక్క పెడదామంటే ఒప్పుకోకండి. మన దగ్గర అది పనికిరాదు. నరసాపురం రేవులో నిలబడితే గోదావరికి అవతల సఖినేటిపల్లి ఎదురుగా కనపడుతుంది. గాలిలో కొలిస్తే అయిదు కిలోమీటర్ల వలయంలోకి వచ్చేస్తుంది. రోడ్డు మీద చించినాడ వంతెన చుట్టూ తిరిగి రావాలి. వలయం వల్ల మీకు రాని కస్టమర్లున్న ఊరు మీదవుతుంది, మీ కస్టమర్లున్న ఊరు బయట పడుతుంది. కిలోమీటర్లే రాయాల్సి వస్తే "మోటారు వాహనం పోయే రోడ్డు దూరం" అని స్పష్టంగా ఉండాలి.

కాకినాడ, అమలాపురం వైపు వాళ్లకి ఇంకో మెలిక: యానాం. "ఆంధ్రప్రదేశ్‌లో" అని రాస్తే యానాం అందులోకి రాదు, అది పుదుచ్చేరి. ఎదుర్లంక వంతెన దాటగానే అదే బోర్డుతో ఇంకో ఔట్‌లెట్ పెట్టుకోవచ్చు.

లాకుల దగ్గర

పంటు రేవు గారి మాటకి చిన్న చేర్పు. టెరిటరీ "ఔట్‌లెట్లకి" మాత్రమేనా, "అమ్మకాలకి" కూడానా అన్నది చూడాలి. కొత్త డ్రాఫ్టుల్లో చాలావాటిలో "భౌతిక దుకాణాలకి మాత్రమే వర్తిస్తుంది" అని ఒక ముక్క ఉంటుంది. అంటే క్లౌడ్ కిచెన్ (డెలివరీకి మాత్రమే వండే వంటిల్లు), సూపర్ మార్కెట్‌కి ప్యాకెట్ పిండి, ఆన్‌లైన్ ఆర్డరు ఇవన్నీ మీ వీధిలోనే కంపెనీ నేరుగా అమ్ముకోవచ్చు. పూర్తిగా ఆపలేకపోయినా, మీ పిన్‌కోడ్లకి వచ్చిన ఆన్‌లైన్ ఆర్డర్లు మీ వంటింటి నుంచే వెళ్లాలని అడగండి.

ఇక అసలు భయపడాల్సినవి డబ్బు క్లాజుల్లో ఉండవు, చివరి నాలుగు పేజీల్లో "ఇతరములు" కింద ఉంటాయి.

మొదటిది "ఈ ఒప్పందమే సంపూర్ణ ఒప్పందం" అన్న వాక్యం. ఇన్నేళ్లలో ఈమెయిల్లో ఒప్పుకున్న సడలింపులన్నీ దాంతో పోతాయి. ఉదాహరణకి "పాలు, కూరగాయలు లోకల్‌గా కొనుక్కోవచ్చు" అని ఏరియా మేనేజర్ మెయిల్ ఇచ్చి ఉంటే, కొత్త సంతకం తర్వాత అది కాగితం ముక్క. కాంట్రాక్ట్ చట్టం 1872, 62వ సెక్షన్ ప్రకారం పాత ఒప్పందం స్థానంలో కొత్తది పెట్టుకుంటే పాతది నెరవేర్చక్కర్లేదు. కాబట్టి బతికి ఉండాల్సిన మెయిళ్లన్నీ వెతికి, తేదీలతో జాబితా చేసి, కొత్త అగ్రిమెంట్‌కి అనుబంధంగా జతచేయాలి.

రెండోది విడుదల క్లాజు. "ఈ తేదీ వరకు కంపెనీ మీద ఉన్న అన్ని క్లెయిములూ వదులుకుంటున్నాను" అని ఒక్క వాక్యం. రావాల్సిన క్రెడిట్ నోట్లు, పాడైపోయి వెనక్కి పంపిన సరుకు డబ్బు, ఎక్కువ కోసిన రాయల్టీ అన్నీ అందులో కొట్టుకుపోతాయి. తీసేయించండి. వాళ్లు కుదరదంటే, రెండు వైపులకీ సమానంగా వర్తించేలా మార్చి, కింద "మినహాయింపులు" అని రూపాయలతో సహా పట్టిక పెట్టించండి.

మూడోది డిపాజిట్. పాత డిపాజిట్ కొత్త అగ్రిమెంట్‌కి బదిలీ అయిందని మొత్తంతో సహా రాసి ఉండాలి. చాలా డ్రాఫ్టులు దీని మీద నోరు మెదపవు. అప్పుడు అయిదేళ్ల తర్వాత తిరిగి అడిగితే "ఏ అగ్రిమెంట్ కింద?" అంటారు.

నాలుగోది హామీదారు. అదే కాంట్రాక్ట్ చట్టం 133వ సెక్షన్ ప్రకారం హామీ ఇచ్చినవాళ్ల ఒప్పుకోలు లేకుండా షరతులు మారిస్తే, ఆ తర్వాతి లావాదేవీలకి వాళ్లు బాధ్యులు కారు. కంపెనీకీ తెలుసు, అందుకే రెన్యువల్ కట్టలో మీ నాన్నగారో, మీ ఆవిడగారో పెట్టాల్సిన కొత్త గ్యారంటీ లెటర్ ఒకటి దూరుస్తారు. పాతదానికి పరిమితి ఉంటే కొత్తదానికీ ఉండాలి, అంకెల్లో. పాత గ్యారంటీ రద్దయిందని రాయించుకుని కాపీ తీసుకోండి.

2021లో ఇచ్చిన ఖాళీ చెక్కులు ఉన్నాయా? ఉంటే నంబర్లతో సహా వెనక్కి అడగండి. ఇవ్వలేదంటే బ్యాంకుకి స్టాప్ పేమెంట్ (ఆ చెక్కుకి డబ్బు ఇవ్వొద్దని) రాస్తే సరిపోతుందనుకోకండి. చెల్లించాల్సిన బాకీ నిజంగా ఉందని వాళ్లు చూపిస్తే స్టాప్ పేమెంట్ చేసిన చెక్కు మీద కూడా 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్స్ కేసు నడుస్తుంది. "సెక్యూరిటీ కోసం మాత్రమే" అని అగ్రిమెంట్‌లో చెక్కు నంబర్లు ఎక్కించడమే మేలు.

కొబ్బరాకు

కనీస రాయల్టీ ఉందేమో చూశారా? "నెలకి కనీసం 60,000" లాంటిది. ఉంటే నెలవారీ ఒప్పుకోవద్దండి, ఏడాది మొత్తానికి సర్దుబాటు అడగండి. భీమవరంలో సంక్రాంతికి ఊరు మూడింతలైనట్టుంటుంది. మే, జూన్‌లో ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఇళ్లకెళ్లాక పొద్దున్న ఇడ్లీ కౌంటర్ ఖాళీ. మూఢం, ఆషాఢం పడితే పెళ్లి ఆర్డర్లూ ఉండవు. జనవరిలో 18 లక్షలు అమ్మితే రాయల్టీ 1,08,000 కడతారు. జూన్‌లో 8 లక్షలు అమ్మితే 48,000 రావాల్సింది, కనీసం పేరుతో ఇంకో 12,000 పిండుతారు. జనవరిలో ఎక్కువ కట్టింది జూన్‌లో లెక్కకి రాదు. ఏడాదికి 7,20,000 కనీసం అని రాస్తే ఈ గొడవ లేదు.

వరద విషయం కూడా. పాత అగ్రిమెంట్లలో "దైవాధీన సంఘటనలు" అని ఒక్క మాట ఉంటే, కొత్తవాటిలో జాబితా ఇచ్చి "ఇవి తప్ప వేరేవి కావు" అంటున్నారు. ఆ జాబితాలో వరద, తుపాను ఉన్నాయా? ఉన్నా "దుకాణం భౌతికంగా దెబ్బతింటేనే" అన్న తోక ఉందా? కోనసీమలో షాపులోకి చుక్క నీరు రాకపోయినా కాజ్‌వే మునిగి సరుకు లారీ రాదు. కొలమానం ఒకటి పెట్టించుకోవచ్చు: ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, అమల్లో ఉన్న రోజులకి కనీస రాయల్టీ లేదని. ఎవరూ కాదనలేని అంకె అది. భీమవరానికైతే గోదావరి కన్నా యనమదుర్రు డ్రెయిను గొడవెక్కువ, కాబట్టి "తహసీల్దారు ధ్రువీకరించిన ముంపు" అని కూడా కలపండి.

చక్రపొంగలి

ఇన్ని మార్పులు అడిగితే రెన్యువలే ఇచ్చేది లేదంటారు కదా? పాత అగ్రిమెంట్‌లో "రెన్యువల్ హక్కు" అని ఉంటే కోర్టుకెళ్లి ఇప్పించుకోవచ్చా?

లాకుల దగ్గర

ఆ ఆశ పెట్టుకోవద్దండి. చాలా అగ్రిమెంట్లలో రెన్యువల్ హక్కు "అప్పటికి కంపెనీ వాడుతున్న ప్రామాణిక ఒప్పందం మీద" అని ఉంటుంది. అంటే రెన్యువల్ హక్కు ఉంది గాని పాత షరతుల మీద హక్కు లేదు. పైగా నోటీసిచ్చి ముగించుకోగలిగే ఒప్పందాన్ని బలవంతంగా కొనసాగించమని కోర్టు సాధారణంగా ఆదేశించదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ అడ్డు. నష్టపరిహారం అడగొచ్చు, అంతే. ఫ్రాంచైజీకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం కూడా లేదు. కాబట్టి సంతకం ముందు ఉన్న బేరమే బలం.

అన్నీ అడగక్కర్లేదు. నా లెక్కలో వదలకూడనివి నాలుగు: రాయల్టీ దేని మీద, టెరిటరీ పిన్‌కోడ్లు, విడుదల క్లాజు, డిపాజిట్. శాతం దగ్గర కాస్త దిగినా ఫరవాలేదు.

చక్రపొంగలి

మరి అగ్రిమెంట్ అయిపోయాక రెండేళ్లు 10 కిలోమీటర్ల లోపు టిఫిన్ వ్యాపారం చేయకూడదన్న క్లాజు? కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు కదా, పట్టించుకోకుండా సంతకం పెట్టేయొచ్చా?

లాకుల దగ్గర

సగం నిజం. గడువు తీరాక వ్యాపారమే చేయొద్దనే షరతు 27 కింద చెల్లదు. కానీ గడువు నడుస్తున్నంతకాలం పోటీ బ్రాండు పెట్టకూడదన్నది చెల్లుతుంది. గుజరాత్ బాట్లింగ్–కోకాకోలా కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది అదే. అందుకని కొత్త డ్రాఫ్టుల్లో గడువునే సాగదీస్తున్నారు: "నోటీసు కాలం, లెక్కలు తేలే కాలం కూడా ఒప్పంద కాలంలో భాగమే" అని. లెక్కలు ఎప్పుడు తేలుస్తారో చెప్పరు. అక్కడ "గరిష్ఠంగా 60 రోజులు" అని పెట్టించండి.

నిజంగా దెబ్బ తగిలేది వేరే చోట. షాపు ఫోన్ నంబరు, గూగుల్ మ్యాప్స్‌లో పేజీ, ఇన్‌స్టా ఖాతా, పార్శిల్ కస్టమర్ల వాట్సాప్ జాబితా ఇవన్నీ కంపెనీవే అని కొత్తదాంట్లో రాస్తారు. 27వ సెక్షన్ వీటికి అడ్డురాదు. ఊరంతా దాచుకున్న నంబరు పోతే పక్క వీధిలో కొత్త బోర్డు పెట్టినా ఉపయోగమేముంది? బ్రాండు పేరుతో ఉన్న పేజీ ఇచ్చేయండి, ఫోన్ నంబరు మాత్రం మీ పేరు మీదే ఉండాలి.

ఆర్బిట్రేషన్ ముంబైలో అన్నారు. ఆర్బిట్రేటర్‌ని ఎవరు నియమిస్తారో చూడండి. కంపెనీ ఎండీ ఒక్కరే నియమిస్తారని ఉంటే అది నిలవదు, సుప్రీంకోర్టు 2019 పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు. అయితే తగాదా వచ్చాక "మాకు అభ్యంతరం లేదు" అని కాగితం రాసిచ్చారో, ఆ రక్షణ మీరే వదులుకున్నట్టు. ముంబై అన్నమాట మార్చలేకపోతే విచారణలు వీడియోలో, సాక్ష్యం భీమవరంలోనో రాజమహేంద్రవరంలోనో అని అడగండి, దీనికి చాలామంది ఒప్పుకుంటారు. "90 రోజుల్లో క్లెయిమ్ చేయకపోతే హక్కు పోతుంది" అన్న వాక్యం కనపడితే గాభరా వద్దు, కాంట్రాక్ట్ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. అయినా కొట్టేయించడమే శుభ్రం.

పద్దు పుస్తకం

షాపు డిజైన్ మార్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఖర్చు 18 లక్షలు అనుకుంటే 60 నెలలకి నెలకి 30,000, వడ్డీ కాకుండా. ఇది కట్టాక మూడో ఏట కంపెనీ 60 రోజుల నోటీసుతో ముగించగలిగితే? ముగింపు క్లాజు, డిజైన్ క్లాజు కలిపి చదవాలి. మీ తప్పు లేకుండా మధ్యలో ముగిస్తే మిగిలిన నెలలకి నెలకి 30,000 చొప్పున తిరిగివ్వాలని రాయించండి. "ఆపరేషన్స్ మాన్యువల్ ఎప్పటికప్పుడు మారినట్టుగా" అన్నది ఇంకో తలుపు. కొత్త కాఫీ మెషీను, కొత్త బిల్లింగ్ మెషీను దాన్లోంచే వస్తాయి. ఏడాదికి ఇంతకు మించి కొత్త ఖర్చు పెట్టించకూడదని ఒక గరిష్ఠ అంకె ఉండాలి. టైల్స్, బోర్డు, వంటింటి చిమ్నీ వాళ్లు చెప్పిన వెండారు దగ్గరే కొనాలంటే, అదే కొలతలతో తణుకులోనో విజయవాడలోనో ఒక కొటేషన్ తీసి పక్కన పెట్టండి.

షాపు లీజు కూడా తీయండి. ఫ్రాంచైజీ అయిదేళ్లు, లీజు పదకొండు నెలలైతే, రెండో ఏట ఓనరు గారు ఖాళీ చేయమంటే మీ 18 లక్షలు గోడలకి అంటుకుని ఉండిపోతాయి. పైగా "చోటు పోతే ఫ్రాంచైజీ రద్దు" అని అవతల క్లాజు. ఏడాది మించిన లీజు రిజిస్టరు కావాల్సిందే, లేకపోతే అయిదేళ్లు ఉంటామన్న మాటకి కోర్టులో విలువ ఉండదు. ఓనరుకి జీఎస్టీ నంబరు లేకపోతే 2024 అక్టోబరు 10 నుంచి అద్దె మీద 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జ్ కింద, అంటే ఓనరు బదులు నేరుగా ప్రభుత్వానికి, మీరే కట్టాలి, అది కూడా వెనక్కి రాదు. ప్రాజెక్టు లెక్కలో ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

వశిష్ఠ

చాలా వివరంగా చెప్పారండీ అందరూ. పాతదాంట్లో ఇప్పుడే చూశాను: "గడువుకి కనీసం 180 రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో రెన్యువల్ కోరాలి". డ్రాఫ్ట్ వాళ్లే పంపారు కదా, మళ్లీ నోటీసు అవసరమా?

లాకుల దగ్గర

అవసరం. ఏడు నెలలంటే మీకు నికరంగా నెల రోజులే ఉంది. వాళ్లు డ్రాఫ్ట్ పంపడం వేరు, మీరు హక్కు వాడుకోవడం వేరు. బేరం కుదరక 179వ రోజు వచ్చిందంటే "మీరు కోరనే లేదు" అంటారు. వాట్సాప్, ఫోన్ లెక్కలోకి రావు. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో తపాలా శాఖ స్పీడ్ పోస్టులో కలిపేసింది. కాబట్టి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు తీసుకుని, అదే లెటర్ అగ్రిమెంట్‌లో రాసిన ఈమెయిల్‌కి కూడా పంపండి. చిరునామా అగ్రిమెంట్‌లో ఉన్నదే వాడండి, వెబ్‌సైట్‌లో ఉన్నది కాదు. లెటర్లో "ఒప్పందం ప్రకారం రెన్యువల్ కోరుతున్నాను, కొత్త డ్రాఫ్ట్ షరతులు ఇంకా అంగీకరించలేదు" అని రెండూ ఉండాలి. మొదటిదే రాస్తే డ్రాఫ్ట్ ఒప్పుకున్నట్టు వాదిస్తారు.

గడువు తీరిపోయి సంతకం కాకపోతే బోర్డు కింద కూర్చుని అమ్మడం ప్రమాదం. లైసెన్సు అయిపోయాక ఆ పేరు వాడితే ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన అంటారు, రాయల్టీ తీసుకుంటూనే అంటారు. అందుకని ముందే ఒక తాత్కాలిక లెటర్ మీద సంతకాలు చేయించుకోండి: "గడువు తేదీ నుంచి 90 రోజులు, లేదా కొత్త ఒప్పందం సంతకమయ్యే వరకు, ఏది ముందైతే అది, పాత షరతులు యథాతథంగా కొనసాగుతాయి."

పంటు రేవు

"ఏది ముందైతే అది" అని రాస్తే 91వ రోజు పొద్దున్న బోర్డు దించాలి కదండీ. "90 రోజులు, ఆ తర్వాత ఏ పక్షమైనా 30 రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చే వరకు" అని మార్చండి. "పాత షరతులు" తర్వాత "2021లో ఉన్న జిల్లా హద్దుల టెరిటరీతో సహా" అని కలపండి.

లాకుల దగ్గర

అవునండి, అదే సరైనది. నా వాక్యం కొట్టేసి మీది వాడుకోమనండి.